తుప్పు పట్టించిన పడవ

నా పనేమిటో కొత్తవాళ్ళకి చెప్తే ముందు నవ్వుతారు. కొత్త వస్తువుల్ని పాతవిగా చెయ్యడం నా ఉద్యోగం. సినిమా కళావిభాగంలో దీన్ని ఏజింగ్ అంటారు. పొద్దున ప్లైవుడ్‌తో కట్టిన గోడకి సాయంత్రానికల్లా బోలెడన్ని వానాకాలాల చెమ్మ పట్టిస్తాను. కొట్లోంచి అప్పుడే దించిన ఇనప్పెట్టె నా చేతిలో పడితే తాతగారి ఆస్తిలా తయారవుతుంది. ఫిల్మ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద టీ డికాషనూ, వెనిగరూ, ఇనప పీచూ, ఎర్రమట్టి పొడీ ముందేసుకుని కూచుంటాను. మా ఇంటి గోడకి మాత్రం చెమ్మ దానంతటదే ఉచితంగా పడుతోంది, దాన్ని కప్పడానికి ఏటా రంగు వేయించుకుంటున్నాను.

ఈ పనిలోకి నన్ను తెచ్చింది మా బావగారు, అంటే మా అక్క భర్త. నరసాపురం వైపు మనిషి, గోదావరి పాయల్లో మోటారు పడవ నడిపి పెరిగాడు. ఏదో సినిమా వాళ్ళు అటు షూటింగుకి వచ్చి, ఆయన చెయ్యి చూసి, పడవతో సహా హైదరాబాదు రమ్మన్నారట. టేకు చెక్కతో చేసిన పడవని లారీ ఎక్కించుకుని వచ్చేశాడు. యూసుఫ్‌గూడలో రెండు గదుల పోర్షను తీసుకున్నారు. నేను చదువు అయ్యాక ఆ రెండు గదుల్లోనే ఓ మూల చేరి, నా కాళ్ళ మీద నేను నిలబడేదాకా అక్క చేతి అన్నం తిన్నాను.

హీరో పడవ నడుపుతున్నట్టు మీరు చూసిన సీన్లలో కొన్ని మా బావ నడిపినవే. ఎలాగంటే, హీరో పైన స్టీరింగు పట్టుకుని గాలికి జుట్టు ఎగరేస్తూ నిలబడతాడు. బావ కింద చెక్కల మీద వెల్లకిలా పడుకుని, మీద గోనె కప్పుకుని, చుక్కానికి కట్టిన తాడు లాగుతూ ఉంటాడు. దారి చూపించేది చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోను. అన్నేళ్ళలో ఆయన ముఖం ఒక్కసారి కూడా తెర మీద పడలేదు. ఒకసారి మోచెయ్యి పడితే ఆ షాటు మళ్ళీ తీశారు.

ఇప్పుడు పడవ సీనంటే ఎవరూ నీళ్ళ దగ్గరికి పోవడం లేదు. పచ్చ తెర ముందు సగం పడవ పెట్టి, ఇద్దరు మనుషులు దాన్ని ఊపుతారు. ఆ సగం పడవలు థర్మాకోలుతో చేసి, వాటికి పాతదనం అద్దేది నేనే. ఈ సంగతి బావ దగ్గర ఎప్పుడూ ఎత్తను. ఆయనా అడగడు.

పని లేక ఆ పడవ షేక్‌పేటలో, ఫ్లైఓవర్ వెనక, ఒక పెద్దమ్మ ఖాళీ జాగాలో దిమ్మల మీద ఏళ్ళుగా ఉండిపోయింది. ఈ వేసవి మొదట్లో రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఒకటి, పెద్దమ్మ ఆ జాగాని అపార్టుమెంట్లకి ఇచ్చేస్తోంది, వానలు పడేలోగా పడవ తీసెయ్యాలి. రెండోది, ఊరి బయట జలాశయం పక్కన రిసార్టు పెట్టిన ఒకాయన, పడవ బాగు చేసి తెస్తే బావనే నడిపేవాడిగా పెట్టుకుంటానన్నాడు. అధికారులు వచ్చి చూసి సరే అనాలి, అదొక్కటే షరతు. అది కుదరకపోతే ఏమిటన్నది అక్క వంటింట్లో నాకు చెప్పింది. పడవ కట్టెల కింద పోతుంది, బావ శ్రీనగర్ కాలనీలో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరతాడు. అప్పటికే వెళ్ళి మాట్లాడొచ్చాడట. ఆ కుర్చీ కూడా చూసొచ్చాడట, ప్లాస్టిక్ కుర్చీ.

బావ పనిలోకి దిగాడు. పాత పడవని బాగుచెయ్యడంలో సగం పని వెతుకులాటే. ఏళ్ళ తరబడి ఎండిన చెక్క పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి, అందుకని ముందు తడి గోనెలు కప్పి చెక్కకి నీళ్ళు తాగించాలి. చెక్క ఉబ్బాక వాటంతట అవే మూసుకునే సందులు లీకుల లెక్కలోకి రావు, అప్పటికీ మూసుకోనివే అసలైనవి. ఇంజను దగ్గర రబ్బరు గొట్టాలు పైకి నున్నగా ఉంటాయి, చేత్తో మడిస్తేనే లోపలి పగుళ్ళు కనిపిస్తాయి. పంకా ఇరుసు బయటికి వెళ్ళే చోట చుక్క చుక్క నీళ్ళు రావాలి, అసలు రాకపోతే ఇరుసు వేడెక్కిపోతుంది, అదీ ప్రమాదమే. ఇవన్నీ ఆయన నాకు ఆదివారాలు చర్చి నుంచి వస్తూ చెప్పేవాడు. ఆయన గొంతులో అంత హుషారు విని చాలాకాలమైంది.

అన్నిటికన్నా ఆయన నమ్మింది తుప్పుని. పలకని లోపలి కమ్మీకి, అంటే పడవకి పక్కటెముకలాంటి చెక్కకి, బిగించిన మేకు తుప్పు పట్టిందంటే, దాని చుట్టూ చెక్క లోలోపల మెత్తబడిపోయినట్టే. బయటికి కనపడేది సన్నటి గోధుమరంగు చార ఒక్కటే. నీళ్ళు పోసి చూడటం తర్వాత, ముందు చార కారిన చోటల్లా విప్పి చూడాలి.

"తుప్పు అబద్ధమాడదమ్మాయ్," అన్నాడు.

నేను తల ఊపాను. ఆ క్షణంలో నాకేమీ తట్టలేదు, నిజంగానే తట్టలేదు.

తర్వాత నేను అవుట్‌డోరు షూటింగుకి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి షేక్‌పేట వెళ్ళేసరికి బావ కుడివైపు పలకలో అరచెయ్యంత ముక్క కోసేసి, దాన్ని చేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. జాగా పెద్దమ్మ గేదెలకి గడ్డి వేసి వస్తూ ఆగింది.

"గింత మంచి కట్టెను ఎందుకు కోసినవ్ అన్నా?" అంది.

ఆ ముక్క లోపల పచ్చిగా, బంగారు రంగులో, కొత్త టేకులా ఉంది. నేను దాని పై వైపు చూశాను. సన్నటి చార, పైన చిక్కగా, కిందికి పోనుపోను పలచనై, చివర్లో రెండు పాయలు. ఎవరి సంతకం వాళ్ళకి తెలియదా? అది నాది.

ఇక్కడ ఆ సినిమా సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక సినిమాకి ఈ పడవనే తీసుకున్నారు. కథలో పడవ రెండు సార్లు వస్తుంది. హీరో తండ్రి నడిపేటప్పుడు కొత్తది, ఇరవై ఏళ్ళ తర్వాత కొడుకు చేతికి వచ్చేటప్పుడు పాతది. రెండు పడవలు ఎందుకు దండగ అని, ఒకే పడవకి ఎడమవైపంతా కొత్తగానూ, కుడివైపంతా పాతగానూ చెయ్యమన్నారు. తండ్రి సీన్లకి కెమెరా ఎడమన, కొడుకు సీన్లకి కుడిన. కెమెరా అటునించి ఇటు దాటకపోతే చాలు. మా ఫీల్డులో ఇది తెలివైన పని కింద లెక్క.

కుడివైపు నేను ప్రాణం పెట్టి చేశాను. రంగుతో చేస్తే దగ్గరి షాటులో తెలిసిపోతుందని, ఇనప పీచుని వెనిగర్లో నానబెట్టి, నిజమైన తుప్పు నీళ్ళు తయారు చేసి, మేకుల దగ్గర్నుంచి కిందికి కార్చాను. కాబట్టి గీకినా, తుడిచినా అది తుప్పే. అబద్ధమల్లా అది ఎక్కడ పుట్టిందన్న దాంట్లోనే. పైన మెరుపు లేని వార్నీషు కొట్టి కదలకుండా చేశాను.

షూటింగు అయ్యాక అద్దె వస్తువుని కడిగి, ఎలా తెచ్చామో అలా అప్పగించడం మా బాధ్యత. కానీ సినిమా పూర్తయి గుమ్మడికాయ కొట్టేదాకా దేన్నీ కదిలించకూడదు, మిగిలిపోయిన ముక్కలు తీయాల్సి వస్తే మరక ఎక్కడిది అక్కడ ఉండాలి. ఆ సినిమా ముప్పాతిక అయ్యాక ఆగిపోయింది. జూబ్లీహిల్స్‌లో ఆఫీసు ఖాళీ చేశారు, బోర్డు పీకేశారు. గుమ్మడికాయ కొట్టలేదు కాబట్టి పడవ కడగమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బావ కూడా ఈ ఫీల్డులో మనిషే కాబట్టి, ప్యాచ్‌వర్కు ఉంటుందేమోనని చాలాకాలం పడవని తాకలేదు. తర్వాత ఎండకీ వానకీ ఆ వైపు నిజమైన మరకలు కూడా చేరి, అన్నీ ఒకే కుటుంబంలా కలిసిపోయాయి. రాను రాను ఆయనకి అవి పడవ మరకలే అయిపోయాయి. నాకైతే అవి ఎప్పుడో చేసి మర్చిపోయిన ఒక మంచి పని.

ఆ ముక్క చూసిన రోజునే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బావ ముందు మాట్లాడేశాడు. "పైన తుప్పు కనపడుతోంది, లోపల చెక్క బావుంది, అంటే నేను గురి తప్పాను, చెడిన చోటు ఇంకొంచెం పక్కన ఉండి ఉంటుంది," అన్నాడు. తన తప్పేనన్నట్టు పెద్దమ్మ వైపు చూసి నవ్వాడు. సరే, ఒక ముక్కేగా పోయింది, సాయంత్రం చెప్దాంలే అనుకున్నాను. సాయంత్రం అక్క పీతల పులుసు పెట్టింది. చెప్పలేదు.

రెండో చోట కోసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇదే నన్ను ఈ రోజుకీ నిద్రలో కూడా నొక్కే సంగతి. ఆయన దబ్బనంతో పొడిచి చూశాడు, దిగలేదు. మళ్ళీ పొడిచాడు. చెక్క గట్టిగా ఉందని చెయ్యి చెప్తోంది, తుప్పుందని కన్ను చెప్తోంది. ఆఖరికి ఆయన కన్ను మాట విన్నాడు. రంపం పెట్టాడు. పొట్టు ఎగిరి నా చెప్పుల మీద పడింది. మళ్ళీ బంగారు రంగు చెక్కే. నేను నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను, అంతే.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలా తిట్టుకున్నాను. భయం ఒకటి, సిగ్గు ఒకటి. ఇంకోటి కూడా ఉంది. ఆ సినిమా అప్పుడు బావ నా పని చూసి, మా మరదలు ఇరవై ఏళ్ళని ఒక్క పూటలో తెచ్చేసిందని యూనిట్ అంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆయన అంత గొప్పగా చెప్పుకున్న పనే ఆయన పడవని ముక్కలు చేయిస్తోందని నా నోటితో చెప్పాలి. పైగా నా అసలు తప్పు కుడివైపు లేదు.

ఎడమవైపు కొత్తగా చేసేటప్పుడు, వెనక ఇంజను ఉండే మూల, నీటి అంచుకి కాస్త కింద, నేను లప్పం పెడుతుంటే కత్తి లోపలికి దిగింది. వెన్నలోకి దిగినట్టేమీ కాదు, కొంచెమే. అక్కడ చెక్క మెత్తగా ఉందని తెలిసింది. వెలుతురు పోతోంది, కెమెరామన్ తొందర పెడుతున్నాడు. లప్పం నిండా కూరి, నున్నగా తీసి, తెల్ల రంగు వేసి, పైన నీలం గీత లాగేశాను. సాయంత్రం బావకి చెప్దామనుకున్నాను. ఈ 'సాయంత్రం చెప్దాం' నాకు కొత్తేమీ కాదు.

రెండో కోత తర్వాత బావ మారిపోయాడు. రంపం పట్టుకునే ముందు చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఉండిపోయేవాడు. ఒక సాయంత్రం భోజనాల దగ్గర అక్కతో, "నా కన్ను పోయిందే. మనిషి మునిగేంత నీళ్ళలో కూడా అడుగున రాయి చూసేవాణ్ణి. ఇప్పుడు ముక్కు ముందు చెక్క తెలియట్లేదు," అన్నాడు.

మా అక్క ప్రార్థన లేకుండా ముద్ద ముట్టనివ్వదు. ఆ రోజు నుంచి ప్రార్థనలో ఒక వాక్యం చేరింది. మా ఇంటాయనకి చూపు దయచెయ్యి ప్రభువా, అని. అందరం ఆమెన్ అనాలి. నేనూ అన్నాను. ఒక్క పూట కాదు, వాళ్ళింట్లో భోంచేసిన ప్రతి పూటా అన్నాను. దేవుడు ఆ ఆమెన్ విని ఏమనుకున్నాడో నాకు తెలియదు.

అక్క దేవుడి మీద భారం వేసి ఊరుకునే మనిషి కాదు. కళ్ళ డాక్టరు దగ్గర టోకెను నంబరు రాయించి, నన్నూ వెంట రమ్మంది. గోడ మీద అక్షరాలు బావ చివరి వరసదాకా తడుముకోకుండా చదివాడు. దూరం చూపు కుర్రాడిలా ఉందని, ఆ వయసుకి అందరికీ వచ్చేటట్టు దగ్గరి చూపే కాస్త తగ్గిందని డాక్టరు చెప్పాడు. అక్క మొహం వెలిగిపోయింది, కారణం దొరికింది కదా. నల్ల ఫ్రేము కళ్ళజోడు ఎంచింది. బావ అది పెట్టుకుని, దుకాణం అద్దంలో చూసుకుని, ముందే తెచ్చుకుని ఉంటే రెండు పలకలు మిగిలేవన్నాడు. నేను రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను.

మర్నాడు ఆయన కళ్ళజోడుతో మూడో చోటు ఎంచాడు. దగ్గరి షాటు కోసమని నేను ఎక్కువసేపు కూచుని చేసిన చార అది, నా ఆల్బంలో దాని ఫోటో కూడా ఉంది. పలక నడుము దగ్గర. అక్కడ కోస్తే లోపలి కమ్మీ కూడా తెగుతుంది, ఇక ఆ పడవ అధికారుల ముందుకే పోదు. ఆయన బొగ్గుతో గీత గీసి, రంపం ఆనించాడు.

"వద్దు బావగారూ," అన్నాను. "అది నేను పెట్టిన తుప్పు."

ఆయనకి అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. సినిమా, వెనిగరు, వార్నీషు, ఆగిపోయిన గుమ్మడికాయ, అన్నీ. ముందు కోసిన రెండూ కూడా నావేనని, మొదటి ముక్క చూసినప్పుడే నాకు తెలుసని కూడా చెప్పాను. ఆ చివరి మాట చెప్పకుండా వదిలేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. వదల్లేదు, దానికి మాత్రం నన్ను నేను కాస్త మెచ్చుకుంటాను.

బావ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడతాడేమోనని ఎదురు చూశాను. కోప్పడితే బావుండేది.

"రెండోది కోసేటప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు కదమ్మా," అన్నాడు.

ఉన్నానన్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. నేను ఎడమవైపుకి తీసుకెళ్ళి, నీలం గీత కింద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన సుత్తి కర్రతో చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు, టంగు టంగుమంది. నా చెయ్యి ఉన్నచోట తడితే దబ్బుమని చచ్చు చప్పుడు. లప్పం గీకితే లోపల చెక్క తడిసిన బ్రెడ్డులా పొడి పొడిగా రాలింది. వేలు దూరిపోయింది. ఆ వైపు కొత్తగా ఉందని ఆయన ఒక్కసారి కూడా తట్టి చూడలేదు.

తర్వాత రోజులు పనిలో గడిచాయి. చెడిన భాగం తీసేసి కొత్త టేకు అతికించారు, ఊరి నుంచి ఆయన ఎరిగిన వడ్రంగి ఒకాయన వచ్చి సాయం చేశాడు. ట్యాంకరు నీళ్ళు పోసి చూస్తే ఇరుసు దగ్గర తప్ప ఎక్కడా బయటికి చుక్క రాలేదు. కుడివైపు అనవసరంగా కోసిన రెండు చోట్లా కూడా అతుకులు వేశారు. పాత చెక్క మధ్య అవి రెండు కిటికీల్లా తెల్లగా మెరుస్తున్నాయి. నాకు చేతనైన ప్రాయశ్చిత్తం ఒక్కటే తోచింది. రంగు కలిపి పాత చెక్కలో కలిసిపోయేట్టు చేస్తాను, ఎవరికీ తెలియదు అన్నాను.

"వద్దమ్మా. కనపడనీ," అన్నాడు.

అధికారులు చూసి సరేనన్నారు. మొదటి వానకి ముందే పడవ జలాశయంలోకి దిగింది. అక్క గేటు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీని తలుచుకుని ఏడ్చింది, నవ్వింది. ఇన్నేళ్ళలో ఆ పడవ ఎప్పుడూ షూటింగుల్లోనే ఉండటంతో అక్క దాంట్లో ఒక్కసారి కూడా ఎక్కలేదు. రిసార్టుకి జనం రాని ఒక వారంలో మమ్మల్ని ఇద్దరినీ రమ్మన్నాడు బావ.

ఆయన నిటారుగా కూచుని పడవ నడుపుతుంటే నేను చూడటం అదే మొదటిసారి. టోపీ, నల్ల ఫ్రేము కళ్ళజోడు, మొహం నిండా గాలి. అక్క బల్ల అంచు పట్టుకుని, భయాన్ని దాచడానికి ఫ్లాస్కు తీసి అందరికీ టీ పోసింది. నాకు చాలా రోజుల తర్వాత తేలిగ్గా అనిపించింది. అయిపోయింది, పడవ నిలబడింది, ఆయనకి పని దొరికింది, అనుకున్నాను.

అప్పుడు బావ కాళ్ళ దగ్గరికి చూశాడు. బల్ల కింద చెక్కల మీద గోధుమరంగు తడి, అరచెయ్యంత. అదేమిటో చూడమన్నాడు. నేను వంగి వేలితో తాకి, వాసన చూశాను.

"టీ, బావగారూ. అక్క ఫ్లాస్కు మూత సరిగ్గా పట్టలేదు," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. చూసి, ఇంజను ఆపేశాడు. లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూచుని, జేబురుమాలుతో ఆ తడి తుడిచాడు. రుమాలు వెలుతురుకి పెట్టి చూశాడు, వాసన చూశాడు. చెక్క మీద చెయ్యి ఆనించి, మళ్ళీ ఊరుతుందేమోనని కనిపెట్టుకుని ఉండిపోయాడు. పడవ నెమ్మదిగా పక్కకి తిరిగిపోతోంది. ఎండ మా ముగ్గురి మీదికీ వచ్చింది.

"చెల్లి చెప్పింది కదండీ," అంది అక్క.

"చెప్పింది," అన్నాడు బావ, ఇంకా ఆ చోటే చూస్తూ.